రేవు తాళం ఎవరి చేతిలో ఉంది?

మొజంజాహీ మార్కెట్‌ను 1935లో నిజాం తన రెండో కొడుకు పేరిట కట్టించాడు. గడియారం గోపురం, రాతి కట్టడం, పండ్ల దుకాణాలు. రాజధానిలో ఇంత మంచి మార్కెట్ ఉన్న సంస్థానానికి సముద్రం ఒడ్డున ఒక్క రేవు కూడా లేదు.

రేవు ఎలా పోయింది? 1759లో మచిలీపట్నం, 1766 ఒప్పందంతో ఉత్తర సర్కార్లలో ఎక్కువ భాగం ఈస్టిండియా కంపెనీ పరమయ్యాయి. 1802 వర్తక ఒప్పందంలో నిజాం మచిలీపట్నం రేవును వాడుకోవచ్చని, సరుకులపై నూటికి 5 సుంకమని రాసుకున్నారు. కాగితం మీద హక్కు నిజాంది, రేవు మీద జెండా కంపెనీది. పొరుగింటి బావిని నమ్ముకున్నట్టే అది. వాళ్లు తలుపేసిన నాడు మన కుండ ఖాళీ.

నిజాం కోసం కన్నీరు కార్చడం మా ఉద్దేశం కాదు. కరోడ్‌గిరి పేరుతో నాకాల దగ్గర సుంకం గుంజింది ఆయన సర్కారే. 1947లో గోవా రేవు కోసం పోర్చుగీసు వారితో మంతనాలు సాగుతున్నప్పుడు, మన పల్లెల్లో రైతులు వెట్టికీ, లెవీ ధాన్యానికీ ఎదురు తిరిగి ఉన్నారు. ఆ మంతనాల్లో రైతు ఊసే లేదు.

గాజా రైతు అనుభవమూ ఇదే. 1994 పారిస్ ఒప్పందం ప్రకారం పాలస్తీనాకు వచ్చే సరుకులపై సుంకం వసూలు చేసేది ఇజ్రాయెల్. 2005 నవంబరు 15న అమెరికా మధ్యవర్తిత్వంతో మరో ఒప్పందం కుదిరింది. కర్ని గేటు గుండా ఆ ఏడాది చివరికి రోజుకు 150 ఎగుమతి లారీలు పోనిస్తామన్నారు, ఓడరేవు పని మొదలుపెట్టుకోవచ్చన్నారు. 2006 మొదట్లో, సరిగ్గా కోతల వేళ గేటు పదేపదే మూసేశారు. గ్రీన్‌హౌసుల్లో పండిన కూరగాయలు, స్ట్రాబెర్రీలు కుళ్లిపోయాయి. రేవు ఇప్పటికీ రాలేదు.

మనం ఆక్రమణలో లేము. రేవులు మనవే, కస్టమ్స్ మనదే. మరి 2025లో ఏం జరిగింది? ఆగస్టు 19 నుంచి పత్తి దిగుమతిపై 11 శాతం సుంకం ఎత్తేశారు. మొదట సెప్టెంబరు 30 వరకే అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. తెలంగాణలో పత్తి ఏరి అమ్ముకునే నెలలు అవే. ఆగస్టు 27 నుంచి మన సరుకులు చాలావాటిపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. వాళ్లు తలుపు బిగించారు, మనవాళ్లు బార్లా తెరిచారు.

అందుకే మేము అడిగేవి రెండు. పత్తి మార్కెట్‌కు వచ్చే నెలల్లో దిగుమతి సుంకం ముట్టుకోవద్దు. వ్యవసాయానికి సంబంధించిన ఏ వాణిజ్య ఒప్పందమైనా సంతకానికి ముందు పార్లమెంటులో, రాష్ట్రాలతో, రైతు సంఘాలతో చర్చించాలి. ఈ నెల గ్రామ శాఖల సమావేశాల్లో ఈ రెంటిపై తీర్మానాలు చేసి పంపాలని కోరుతున్నాం.