పళ్ళెంలో అడవి, కయ్యలో ఉప్పు



ఈ మధ్య మన హాస్టలు గదుల్లో, కొందరు అధ్యాపకుల ఇండ్లలో ఒక కొత్త ముచ్చట కనబడుతున్నది. సిమెంటు పళ్ళెంలోనో, పాత పింగాణీ తట్టలోనో గుప్పెడు మట్టి పోసి, బొటనవేలంత కాండం వున్న కండగల మొక్కల్ని ఏడో తొమ్మిదో గుంపుగా నాటి, పైన సన్నగులక పరచి, "ఇది అడవి" అంటున్నారు. అంగట్లో దీనికి 'సక్యులెంట్ బోన్సాయ్ ఫారెస్ట్' అని పేరు. ధర వింటే మాత్రం గుండె గుభేలుమంటుంది!

దీని గురించి మనవాళ్ళలో రెండు పార్టీలు వున్నాయి. ఇది డబ్బున్నవాళ్ళ షోకు అనేవారు కొందరు. ఎదగాల్సిన చెట్టును కత్తిరించి కుదించడం హింస అనేవారు మరికొందరు. మా నాయనది మూడో పార్టీ. సంక్రాంతి సెలవులకు నా తట్ట ఒకటి ఇంటికి తీసుకుపోతే, అటూ ఇటూ తిప్పి చూసి, "కూరకా, నారకా? యాడికి పనికొస్తాదిరా అబ్బయ్యా ఇది?" అన్నాడు. నా అభిప్రాయమేమంటే, ఇది షోకూ కాదు, హింసా కాదు. ఇదొక చిన్న సేద్యం. సముద్రపు గట్టున పుట్టిన మనకైతే, కాస్త ముందే నేర్చుకోవలసిన సేద్యం.

ముందుగా హింస సంగతి చూద్దాం. అంగట్లో 'జేడ్' పేరుతో అమ్మేవాటిలో చిన్న గుండ్రటాకుల రకం ఒకటుంది. శాస్త్రీయ నామం పోర్టులకేరియా ఆఫ్రా. దక్షిణాఫ్రికా దాని పుట్టిల్లు. అక్కడ ఏనుగులు దాన్ని పైనుంచి మేస్తాయి. మేసేటప్పుడు విరిగి కిందపడ్డ కొమ్మ పడ్డచోటే వేరు తొడుగుతుంది. అంటే కొమ్మ విరగడం దానికి చావు కాదు, సంతానం. ఏనుగు చేసే పనే మన కత్తెర చేస్తున్నది. పైగా చెట్టును కుదించే విద్య మనిషి ఒక్కడిదేనా? గాలికీ ఉప్పు తుంపరకూ ఎదుగుదల ఆగి, దువ్వెనతో దువ్వినట్టు ఒకేవైపు ఒరిగిపోయిన పొదల్ని మన గట్టున చూడనిదెవరు? పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ వున్న శ్రీహరికోట దీవిలో అడవి కూడా పొట్టి అడవే. పాల, నేరేడు లాంటి చెట్లతో ఏడాది పొడుగునా పచ్చగానే వుంటుంది. ఒకప్పుడు కోరమండల్ తీరం పొడుగునా వుండి, ఇప్పుడు ముక్కలు ముక్కలుగా మిగిలిన అడవి అది. 1971లో అక్కడ తొలి రాకెట్టు ఎగిరింది. అప్పటి నుంచీ ఆ కేంద్రం కంచె గొడ్డలిని చాలావరకు బయటనే ఆపింది. రాకెట్టు పుణ్యమా అని అడవి బతికిందంటే నవ్వొస్తుంది గాని, నిజం అదే.

గుంపుగా నాటే ఈ పద్ధతిని జపానువాళ్ళు యోసె-ఉయె అంటారు. జపాను సంతతి అమెరికన్ జాన్ నాకా పదకొండు జునిపెర్ చెట్లతో 'గోషిన్' అనే చిన్న అడవిని పెంచాడు. ఒక్కొక్క చెట్టు ఒక్కొక్క మనవడికో, మనవరాలికో గుర్తు. 1948లో మొదలుపెట్టిన పని అది. 1984లో వాషింగ్టన్‌లోని మ్యూజియానికి అప్పగించాడు. మనవాళ్ళు మాత్రం మూడు నెలల్లో అడవి కావాలంటారు!

ఇక షోకు సంగతి. కొనుక్కుంటే షోకే, కాదనను. కాని కొనవలసిన అవసరమేమి? మా వైపు దొడ్లకు కంచెగా వేసే కాడజెముడు వుంది కదా, దాని కొమ్మ చూపుడువేలంత ముక్క నాటితే చిన్న చెట్టు ఆకారం దానంతటదే వస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ మొదలు చెక్కబారి, అచ్చం ముసలి మానులాగే కనబడుతుంది. (పాలు మాత్రం కంట్లో పడకూడదు, జాగ్రత్త.) పొదల మీద పాకే నల్లేరు వుంది. మా అవ్వ దాని లేత కణుపులతో పచ్చడి నూరుతుంది. "నల్లేరు మీద బండి నడక" అని సామెత చెప్పుకునే మనం ఆ నల్లేరును గుర్తుపట్టలేకపోవడం చిత్రమే. రాతినేలల్లో పొదల చాటున మొలిచే కుండేటి కొమ్ములు వున్నాయి. ఉప్పు పర్రల్లో నేలబారుగా అల్లుకునే వంగరెడ్డికూర వుంది. దాన్ని తట్ట అంచున నాటితే, అడవి కింద గడ్డి పరిచినట్టుంటుంది.

అలాగని "మన మొక్కలే గొప్ప, పరాయివి వద్దు" అని జెండా పట్టుకోవడం నా ఉద్దేశం కాదు. ఆ లెక్కన చూస్తే కాడజెముడు ఆఫ్రికాది, రణపాల మడగాస్కరుది, నాగజెముడు అమెరికాది. ఆ నాగజెముడు దక్షిణ దేశంలో పొలాలకు పొలాలు ఆక్రమిస్తే, 1926లో సింహళం నుంచి ఒక పిండిపురుగును తెప్పించి వదిలారు. అది చాలాచోట్ల జెముడును తుడిచిపెట్టింది. మొక్క ఎక్కడిదన్నది కాదు, అది నీటితో ఎలా వ్యవహరిస్తుందో తెలుసుకున్నామా లేదా అన్నదే నాకు ముఖ్యం.

ఇక్కడ మన బాటనీ వాళ్ళకు ఒక మంచి కథ వుంది. రణపాల ఆకును తెల్లవారుజామున నమిలితే పుల్లగా వుంటుంది. మధ్యాహ్నానికి రుచి పోతుంది. సాయంత్రానికి కాస్త చేదెక్కుతుంది. దీన్ని గమనించి రాసినవాడు బెంజమిన్ హెయిన్. ఈస్టిండియా కంపెనీ కొలువులో, రాక్స్‌బర్గ్ తర్వాత మన సామర్లకోట తోటను చూసుకున్నవాడు. ఆ లేఖను లండన్ లిన్నేయన్ సొసైటీ 1815లో అచ్చు వేసింది. కారణం తర్వాతి కాలంలో తెలిసింది. ఈ జాతి మొక్కలు పగలు ఆకు రంధ్రాలు మూసుకుంటాయి. రాత్రి చల్లబడ్డాక తెరిచి, బొగ్గుపులుసు గాలిని పీల్చి, మాలిక్ ఆమ్లంగా దాచుకుంటాయి. తెల్లవారి ఎండలో తలుపులు వేసుకుని, ఆ దాచిన దానితోనే వంట చేసుకుంటాయి. అందుకే తెల్లవారుజామున పులుపు! ఎండలో తలుపు తెరవని ఇంటికి నీటి ఖర్చు తక్కువ. రోజూ చెంబుడు నీళ్ళు పోసేవాడి అడవి పది రోజుల్లో కుళ్ళిపోయేది కూడా ఇందువల్లనే. ఆకు కొద్దిగా ముడతపడితేనే పోయాలి. పోస్తే అడుగు చిల్లుల్లోంచి కారేదాకా పోయాలి. మళ్ళీ పూర్తిగా ఆరేదాకా తట్ట వంక చూడకూడదు.

పెంపకం పెద్ద విద్యేమీ కాదు. తట్ట అడుగున చిల్లులు తప్పనిసరి. చిల్లుల మీద దోమతెర ముక్క వేయాలి. మట్టిలో సగానికి పైగా ముతకదే వుండాలి: జల్లించిన ఇటుక ముక్కలు, పెన్న ఇసుక, కాస్త ఊక బూడిద, బాగా మాగిన పశువుల ఎరువు. సముద్రపు ఇసుక తెచ్చేవారు ఏడు నీళ్ళు కడిగినా నేను నమ్మను. కోసిన కొమ్మను వారం రోజులు నీడలో ఆరబెట్టి, గాయం మానాక నాటాలి. తట్ట లోతు తక్కువ కాబట్టి వేరు పట్టేదాకా సన్నతీగతో కట్టి నిలపాలి. బేసి సంఖ్యలో నాటండి. అన్నింటికన్నా పొడుగైనదాన్ని నట్టనడుమ కాకుండా కొంచెం పక్కకు పెట్టి, పొట్టివాటిని వెనక్కు నెడితే, ఎక్కడో దూరాన వున్న అడవిలాగా కన్ను మోసపోతుంది. గదిలో అంటే బీరువా మీద కాదు సుమా! తూర్పు కిటికీ దగ్గర పెట్టాలి. వెలుతురు చాలకపోతే మొక్క మెడ సాగదీసి, బలహీనమై, అడవి కాస్తా పిచ్చిగడ్డి అవుతుంది. కార్తీకం ముసురు రోజుల్లో నీళ్ళు దాదాపు మానెయ్యాలి. పిండినల్లి పడితే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే సరి.

అసలు చెప్పదలచుకున్నది ఇప్పుడు చెబుతాను.

కార్తీకంలో రెండు తట్టలు ఒకే రోజు, ఒకే మట్టితో, ఒకే కాడజెముడు కొమ్మలతో నాటాను. ఒకదానికి హాస్టలు బోరునీళ్ళు, రెండోదానికి బకెట్లలో పట్టిపెట్టిన వాననీళ్ళు. సంక్రాంతి నాటికి బోరునీళ్ళ తట్ట మీద, అంచుల వెంబడి తెల్లటి పొర లేచింది. నాలుక కానిస్తే ఉప్పు. వాననీళ్ళ తట్ట నల్లగా శుభ్రంగా వుంది. ఇందులో మంత్రమేమీ లేదు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పోదు. కింది తడి మట్టి సందుల్లోంచి పైకి పాకుతూ తనతోపాటు ఉప్పును మోసుకొచ్చి, పైన దించి, తాను గాల్లో కలిసిపోతుంది. అడుగున చిల్లు వుండి, మంచినీళ్ళు పోసి కడిగితేనే ఆ ఉప్పు దిగుతుంది. చిల్లు లేకపోతే దానికి దారే లేదు.

నేను ఇంటికి మోసుకుపోయింది బోరునీళ్ళ తట్టనే. "కూరకా, నారకా" అన్న మా నాయన, ఆ తెల్లపొరను గోటితో గీకి చూశాక నవ్వలేదు. "మన తూరుపు కయ్యలో గూడా ఇట్టనే పైకొస్తా వుండాది" అన్నాడు.

మాకున్నది మూడెకరాలు. తూర్పు గట్టు అవతల కొన్నేళ్ళ కిందట రొయ్యల గుంటలు తవ్వారు. ఎవరు తవ్వారో ఇక్కడ రాయను. ఆ పిల్లలూ నా స్నేహితులే. గుంటల్లో ఉప్పునీరు ఏడాదిలో ఎక్కువ భాగం నిలిచే వుంటుంది. మధ్యలో ఊటకాలువ లేదు. గట్టు పక్క రెండు మడుల్లో నారు ఎర్రబడి, పిలకలు తగ్గాయి. నేల ఉప్పు సుమారు 3 డెసిసీమెన్లు దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుందని పుస్తకాలు చెబుతాయి. సముద్రపు నీరు సుమారు 50. ఆ నడుమ వున్న దూరమే మా మూడెకరాల బతుకు. ఇప్పుడు ఆ కయ్యను కూడా గుంటలకు కౌలుకిమ్మని అడుగుతున్నారు. వరి మీద మిగిలేదానికన్నా ఎక్కువే ఇస్తామంటున్నారు. నాయన వచ్చే నారుమడి లోపల జవాబు చెప్పాలి.

రొయ్యను తిట్టి చప్పట్లు కొట్టించుకోవడం సులభం. నేనాపని చేయను. ఈ కళాశాలలో చదివే వారిలో రొయ్య కట్టిన ఫీజులతో చదివేవారు తక్కువేమీ కాదు. 1990ల మొదట్లో మన జిల్లా తీరంలో గుంటలు ఎలా పుట్టుకొచ్చాయో, 1994-95లో తెగులు తగిలి ఎలా ఎండిపోయాయో పెద్దలకు తెలుసు. తమిళనాడు గాంధేయవాది జగన్నాథన్ వేసిన దావాలో, 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు వ్యవసాయ భూముల్నీ ఉప్పు కొటార్లనూ రొయ్యల గుంటలుగా మార్చరాదని చెప్పింది. 2005లో ఇంకో చట్టం వచ్చింది. 2009 తర్వాత వెనామీ వచ్చి గుంటలు మళ్ళీ నిండాయి. తీర్పులూ చట్టాలూ కాగితం మీద వున్నాయి. మా గట్టు పక్కన మాత్రం ఒక ఊటకాలువ లేదు. కొలిచినవాడు లేడు. "ఉప్పెక్కింది" అని రైతు అంటే "అదేం లేదు" అని ఎదుటివాడు అంటాడు. ఇద్దరి చేతిలోనూ అంకె లేదు.

అందుకని విద్యార్థి సంఘానికి నాదొక విన్నపం. వార్షికోత్సవం వేదిక కోసం ఏటా కుండీలు కొంటున్నాం. పండుగ అయ్యాక అవి మెట్ల కింద ఎండిపోవడం అందరం చూస్తున్నదే. ఈసారి ఆ సొమ్ములో కొంతతో బాటనీ శాఖ వరండాలో ఒక బల్ల వేద్దాం. దాని మీద కాడజెముడు, నల్లేరు, కుండేటి కొమ్ములు, వంగరెడ్డికూర తట్టల్లో పెంచుదాం. కొమ్మలు నేనే తెస్తాను. పక్కనే రెండు తట్టలు, ఒకటి బోరునీళ్ళవి, ఒకటి వాననీళ్ళవి పెడదాం; పేర్లు రాయకపోయినా చూసినవారికి ఏది ఏదో తెలుస్తుంది.

మిగిలిన సొమ్ము పెద్దదేమీ కాదుగాని, సీసాలకు చాలు. నీటిలో ఉప్పును కొలిచే పరికరం కెమిస్ట్రీ ప్రయోగశాలలో వుండనే వున్నది. మనలో అల్లూరు, ఇసకపల్లి, మైపాడు, ముత్తుకూరు వైపుల నుంచి రోజూ బస్సెక్కి వచ్చేవారున్నారు. నెలకొకసారి ఊరి బావి నుంచో, కాలువ నుంచో, కయ్య ఊట నుంచో సీసాడు నీళ్ళు తెస్తే కొలిచి పుస్తకంలో రాయడానికి ఒక శనివారం మధ్యాహ్నం చాలు. లెక్చరర్లు ఒప్పుకుంటే మా క్లాసులో నలుగురం సిద్ధంగా వున్నాం. సీసా మీద ఊరు, చోటు, తేదీ రాసిన కాగితం అంటించి తేవాలి. మా తూర్పు కయ్య ఊటనీళ్ళు మొదటి సీసాగా నేను తెస్తాను, నారుమడి లోపలే.