నోటీసు ఇంటికి, చాటింపు ఊరికి

కామారెడ్డి జిల్లా మాచారెడ్డి చుట్టుపక్కల ఏ పల్లెకు పోయినా కరెంటు మీటరు ముందు గోడకే ఉంటుంది. రీడింగ్ తీసినవాళ్లు బిల్లు చీటీని తలుపు సందులో పెట్టి పోతారు. దాని మీది సర్వీసు నంబరును ఫోనులో చెల్లింపుల యాప్‌లో కొడితే చాలు, సర్వీసు ఎవరి పేరిట ఉందో, బాకీ ఎంతో కనిపిస్తుంది. అడుగుతున్నది ఇంటివాళ్లా, దారిన పోయేవాళ్లా అన్నది యాప్‌కు పట్టదు. మరొకరి బిల్లు కట్టిపెట్టడానికి ఇది సదుపాయమే. కానీ అందుకు పేరు మొత్తం చూపించాల్సిన పని లేదు.

ఫోనులో అడిగినవాళ్లకే కనిపించేదాన్ని బాకీదారుల పేర్ల జాబితాగా గోడకెక్కించి ఊరందరికీ చూపించడం ఇంకా పెద్ద తప్పు. వసూళ్ల కోసం పరువు తీయడం మన దగ్గర కొత్త కాదు. 2016లో ఆస్తి పన్ను బకాయిదారుల గేట్ల ముందు జీహెచ్‌ఎంసీ చెత్త డబ్బాలు పెట్టించింది. 2022 మార్చిలో పిఠాపురం మున్సిపాలిటీ ఆస్తుల జప్తు బ్యానరు కట్టిన బండిని వీధుల్లో తిప్పింది. అదే నెల కర్నూలులో చెత్త రుసుము కట్టలేదని దుకాణాల ముందు చెత్త పోయించారు.

కరెంటు విషయంలో చట్టం చెప్పేది వేరు. విద్యుత్ చట్టం, 2003లోని 56వ సెక్షన్ ప్రకారం, సరఫరా ఆపే ముందు బాకీ ఉన్న మనిషికి కనీసం 15 పూర్తి రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు అతనికే, ఊరికి కాదు. 171వ సెక్షన్ చెప్పేదీ నోటీసును సంతకం తీసుకుని చేతికివ్వడం, రిజిస్టర్డ్ పోస్టులో పంపడం వంటి పద్ధతులే. బిల్లు మీద తగాదా ఉంటే, అడిగినంత సొమ్మో, గత ఆరు నెలల సగటు లెక్కో, ఏది తక్కువైతే అది అభ్యంతరం చెబుతూనే కట్టవచ్చు. తగాదా తేలేదాకా సరఫరా ఆపకూడదు. పేర్ల జాబితాకు ఈ తేడాలేవీ తెలియవు. తప్పు రీడింగ్ బిల్లుకూ మొండి బాకీకీ అందులో ఒకటే వరుస.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. దానిలో జోక్యానికి చట్టం అండ ఉండాలి, అవసరానికి మించకూడదు అంది. అంతకుముందు 2006లో మద్రాసు హైకోర్టు, అప్పు ఎగ్గొట్టినవారి ఫొటోలు బ్యాంకు ప్రచురించవచ్చని చెప్పిన మాట నిజమే. కానీ 2024 డిసెంబరులో కేరళ హైకోర్టు దానికి భిన్నంగా తేల్చింది. ఒక సహకార సంఘం బాకీదారుల పేర్లను, ఫొటోలను ఆఫీసు ముందు బోర్డుకెక్కించింది. నిబంధనల్లో డప్పు చాటింపు ఉంది కదా అని వాదించింది. డప్పు చాటింపు కాలం చెల్లిన పద్ధతి అంటూ, ఫొటోల ప్రదర్శన ఆ మనుషుల గౌరవానికి భంగమని కోర్టు చెప్పింది. నాకు ఈ తీర్పే సబబనిపిస్తుంది.

ఎందుకంటే పల్లెలో జాబితా ఎవరికి తగులుతుందో చూడాలి. మాచారెడ్డి, ఎల్లారెడ్డి వైపు గల్ఫ్‌కు పోయిన భర్తలు, ఇంట్లో బీడీలు చుట్టే ఆడవాళ్లు ఎందరో. పైసలు ఒక నెల ఆలస్యమైతే బిల్లు ఆగుతుంది. ఎన్నో ఇళ్లలో సర్వీసు ఇంకా చనిపోయిన మామ పేరిటే నడుస్తోంది. జాబితాలో చేరేది ఆయన పేరు, తలవంచుకుని నీళ్లకు పోవాల్సింది కోడలు.

వసూలు వద్దని కాదు. కరెంటు పంపిణీ సంస్థలైన డిస్కంలు కష్టాల్లో ఉన్నాయి, లైన్‌మెన్ మీద ఒత్తిడీ ఉంది. అయితే తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో విడుదల చేసిన శ్వేతపత్రమే ప్రభుత్వ శాఖల బాకీలు 28 వేల కోట్ల రూపాయలకు పైగా ఉన్నాయని చెప్పింది. ఆ శాఖల అధిపతుల ఫొటోలు ఏ చౌరస్తాలోనూ కట్టలేదు. కట్టమని నేనూ అడగను. బ్యాంకుకు 25 లక్షలు, ఆపైన కావాలనే ఎగ్గొట్టినవారి ఫొటో వేయాలన్నా, ముందుగా షోకాజ్ నోటీసు, వాదన వినిపించే అవకాశం ఉండాలని రిజర్వు బ్యాంకు అంటోంది. వెయ్యి రూపాయల బిల్లు ఆగిన ఇంటికి ఆ మాత్రం మన్నన కూడా దక్కకపోవడం అన్యాయం.

చేయాల్సిన పని కష్టమైందేమీ కాదు. నోటీసు తెలుగులో, గడువు తేదీ, వాయిదాల వీలు, ఫిర్యాదు చేసే చోటు రాసి చేతికి ఇవ్వాలి. యాప్‌లో పేరు మొదటి రెండక్షరాలే కనిపించాలి. గడువు దాటితే ఫ్యూజు తీయనీ, ఆ అధికారం చట్టమే ఇచ్చింది. పేరు గోడకెక్కించే అధికారం మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు.