గంజాయి నూనెతో ఫిట్స్ మానుతాయా?



ఎల్లారెడ్డి దగ్గరి ఒక పల్లె నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరం మాకు అందింది. నోటుబుక్కులోని కాగితం చింపి రెండు వైపులా వ్రాశారు. వారి కుమారునికి తొమ్మిదేండ్లు. నాలుగో ఏట నుండి ఫిట్స్ వస్తున్నాయి. కామారెడ్డిలో డాక్టరు వ్రాసిన మాత్రలు వేస్తుంటే వారానికి రెండు మూడు సార్లు వచ్చేవి నెలకు ఒకటి రెండుకు తగ్గాయి గాని పూర్తిగా పోలేదు. ఇంతలో హైదరాబాదులో పని చేసే మరిది ఒక చిన్న సీసా తెచ్చాడు. "వదినా, ఇది గంజాయి నూనె. అమెరికాలో పిల్లలకు దీనితోనే ఫిట్స్ మాన్పుతున్నారు. నాలుక కింద రెండు చుక్కలు వేస్తే చాలు, ఇక మాత్రలతో పని లేదు" అన్నాడట. సీసా ధర 3,500 రూపాయలు. మేక పిల్లను అమ్మి డబ్బు ఇచ్చారు.

ఆమె అడిగిన ప్రశ్నలు ఇవి. ఈ మాట నిజమేనా? పిల్లవానికి హాని ఏమైనా ఉందా? అత్తమ్మ మోకాళ్ళ నొప్పులకు కూడా వాడవచ్చునా? గంజాయి గదా, విశ్వాసులమైన మేము ఇంట్లో పెట్టుకోవచ్చునా, పోలీసులు పట్టుకోరా? ఇవన్నీ అడిగి, ఆఖరి వరుసలో "మాత్రలు ఆపి నాలుగు రోజులయింది" అని వ్రాశారు.

ఆ వరుస చదవగానే ఉత్తరం పక్కన పెట్టి, అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేశాము. ఉత్తరం మాకు చేరే సరికే ఆలస్యమైంది. ముందు రోజు రాత్రి పిల్లవానికి ఫిట్ వచ్చి ఎంతకూ ఆగలేదట. 108 బండిలో కామారెడ్డికి తీసుకుపోయారు. సూది మందు పడిన తరువాత తెల్లవారుజామున కండ్లు తెరిచాడు. ఇప్పుడు క్షేమంగా ఉన్నాడు. పేరు, ఊరు చెప్పకుండా ఈ సంగతి వ్రాయమని ఆ తల్లే మమ్మును కోరారు.

ముందు నూనె సంగతి చూద్దాము. మరిది చెప్పినది పూర్తిగా అబద్ధం కాదు. అందుకే చిక్కు వచ్చింది. గంజాయి మొక్కలో అనేక పదార్థాలు ఉన్నాయి గాని మనం తెలుసుకోవలసినవి రెండు. ఒకటి టీహెచ్‌సీ. మత్తు కలిగించేది ఇదే. రెండవది సీబీడీ. ఇది మత్తు ఇవ్వదు, దీనికి మనిషి బానిస అయినట్టు ఆధారాలు కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2018లో చెప్పింది. ఫిట్స్‌పై పని చేసే మందుగా నిలిచినది ఈ సీబీడీయే.

గంజాయికీ ఫిట్స్‌కూ ఉన్న ఈ సంబంధం అమెరికాలో పుట్టినది కూడా కాదు. 1839లో కలకత్తాలో ఓషాగ్నెస్సీ అనే డాక్టరు గంజాయి మందును ముందు జంతువులకు ఇచ్చి చూసి, తరువాత రోగులకు ఇచ్చి, ఫలితాలను అచ్చు వేయించాడు. ఆ రోగులలో ఫిట్స్‌తో బాధపడిన నలభై రోజుల పసిబిడ్డ కూడా ఉంది. ఆ బిడ్డ బ్రతికింది. అయితే ఒక బిడ్డ బాగుపడినంత మాత్రాన అది అందరికీ మందు కాదు. ఆ మాట తేలడానికి ఇంకా 178 ఏండ్లు పట్టింది.

2017లో అచ్చయిన ఒక పరీక్షలో, డ్రావెట్ సిండ్రోమ్ అనే మొండి రకపు ఫిట్స్ ఉన్న 120 మంది పిల్లలను, యువకులను తీసుకున్నారు. సగం మందికి సీబీడీ, సగం మందికి మందు లేని ఉత్తి ద్రావణం ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో తల్లిదండ్రులకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు. సీబీడీ తాగిన వారిలో నెలకు 12 దాకా వచ్చే ఫిట్స్ సుమారు 6కు తగ్గాయి. ఉత్తి ద్రావణం తాగిన వారిలో 15 దగ్గర ఉన్నవి 14కు మాత్రమే దిగాయి. ఫిట్స్ పూర్తిగా ఆగినది సీబీడీ తాగిన వారిలో నూటికి ఐదుగురికే. ఇటువంటి పరీక్షలు చూసి 2018 జూన్‌లో అమెరికా ప్రభుత్వం ఆ శుద్ధి చేసిన మందుకు అనుమతి ఇచ్చింది. అది కూడా అన్ని రకాల ఫిట్స్‌కు కాదు. డ్రావెట్‌కు, లెన్నాక్స్-గాస్టో అనే మరొక దానికి ఇచ్చారు. 2020లో ఇంకొక జబ్బును చేర్చారు.

ఇక మరిది చెప్పని సంగతి, బహుశా అతనికీ తెలియని సంగతి ఇది. ఆ 120 మందిలో ఎవరి మాత్రలూ ఆపలేదు. రోజూ వేసుకునే మాత్రలు వేసుకుంటూనే, వాటి మీద అదనంగా ఈ మందు ఇచ్చారు. మాత్రల బదులుగా ఇచ్చి చూసిన పరీక్ష కాదు అది. ఫిట్స్ మాత్రలు ఏవైనా సరే, ఏ కారణం చేతనైనా సరే, ఒక్కసారిగా ఆపితే అణగి ఉన్న ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆగకుండా పోవచ్చు. ప్రాణం కూడా పోవచ్చు. ఆ రాత్రి ఆ ఇంట్లో జరిగినదానికి నూనె కంటే మాత్రలు ఆపడమే పెద్ద కారణమని మా అభిప్రాయం.

మరి ఆ సీసాలో ఏమున్నది? ఫోన్‌లో చదివి చెప్పమన్నాము. ఇంటర్ చదివే పెద్దమ్మాయి చదివింది. ఇంగ్లీషులో మొక్క బొమ్మ పక్కన "హెంప్ సీడ్ ఆయిల్" అని ఉందట. అంటే గంజాయి జాతి మొక్క గింజల నుండి తీసిన వంటనూనె. 2021 నవంబరులో మన దేశపు ఆహార భద్రతా సంస్థ దీనిని ఆహారంగా అమ్ముకోనిచ్చింది. నువ్వుల నూనెలాగా తినవచ్చు, దానిలో దోషం లేదు. కాని ఆ నిబంధన ప్రకారం కిలో నూనెలో సీబీడీ 75 మిల్లీగ్రాములు మించరాదు. పైన చెప్పిన అసలు మందును మొదలుపెట్టే మోతాదు కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు. ఇరవై కిలోల పిల్లవానికి 100 మిల్లీగ్రాములు అన్నమాట. కిలో నూనె మొత్తం తాగించినా ఒక్క రోజు మందు కూడా కాదు. ఇక నాలుక కింద రెండు చుక్కల సంగతి పాఠకులే లెక్క కట్టుకోండి. 3,500 రూపాయలు!

నిజంగా సీబీడీ ఉన్న సీసాలు కూడా అమ్ముడవుతున్నాయి. వాటితో వేరే ఇబ్బంది ఉంది. అమెరికాలో ఇంటర్నెట్ ద్వారా అమ్మే 84 సీసాలను కొని పరీక్షించి 2017లో ఫలితం ప్రకటించారు. పైన వ్రాసినంత సీబీడీ లోపల ఉన్నవి నూటికి 31 మాత్రమే. కొన్నింటిలో తక్కువ, ఎక్కువ వాటిలో అధికం. 18 సీసాలలో టీహెచ్‌సీ కూడా ఉంది. అంటే పిల్లవానికి మందు అనుకొని మత్తు పోసినట్టే. టీహెచ్‌సీ పడితే గుండె దడ, తల తిరుగుట, నోరు ఎండుట, లేనిపోని భయం కలుగుతాయి. చిన్నపిల్లలకు లేపినా లేవనంత మత్తు రావచ్చు. ఎదిగే వయస్సులో అలవాటుగా వాడే వారికి మతి చలించే ప్రమాదమూ ఉన్నది.

శుద్ధమైన సీబీడీకి కూడా దుష్ఫలితాలు లేకపోలేదు. నిద్రమత్తు, ఆకలి మందగించుట, విరేచనాలు తరచుగా కనబడేవి. ముఖ్యమైనది కాలేయం దెబ్బతినుట. ఫిట్స్‌కు మన ప్రాంతంలో చాలా మంది వాడే వాల్ప్రోయేట్ మాత్రతో కలిసినప్పుడు ఇది ఎక్కువ. అందుకే డాక్టర్లు మొదలు పెట్టే ముందు, తరువాత కూడా రక్త పరీక్ష చేయిస్తారు. క్లోబజామ్ మాత్ర వేసుకునే వారిలో ఆ మాత్ర ప్రభావం పెరిగి పిల్లలు తూలుతారు. గుండె జబ్బుకు రక్తం పలుచన చేసే వార్ఫరిన్ వాడే పెద్దలకు రక్తస్రావం భయం ఉంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు గంజాయి సంబంధమైన ఏ నూనెనూ ముట్టరాదు.

అత్తమ్మ మోకాళ్ళకు సమాధానం చిన్నదే. ఆస్ట్రియాలో మోకాళ్ళు అరిగిన వారికి రోజుకు 600 మిల్లీగ్రాముల సీబీడీ ఇచ్చి చూశారు. 2023లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం ఉత్తి మందు కంటే ఎక్కువ గుణం కనబడలేదు. ఆ డబ్బుతో మంచి చెప్పులు, ఒక చేతికర్ర కొనివ్వండి.

పోలీసుల సంగతి. 1985 మత్తు పదార్థాల చట్టం ప్రకారం గంజాయి మొక్క పూత, దాని బంక నిషిద్ధం. పూత లేకుండా ఉన్న గింజ, ఆకు ఆ నిర్వచనంలోకి రావు. అందుకే గింజల నూనె అమ్ముతున్నారు, ఆకుతో చేసే ఆయుర్వేద మందులు "విజయ" అనే పేరుతో లైసెన్సు మీద వస్తున్నాయి. విజయ మందు సీసా మీద, వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనని హెచ్చరిక తప్పక ఉండాలి. అది లేని సీసా కొనవద్దు. మూడవది హాష్ ఆయిల్. విశాఖ మన్యం వైపు నుండి హైదరాబాదుకు చిన్న సీసాలలో దొంగతనంగా వచ్చే నల్లటి జిగురు ఇది. చట్టం దీనిని చరస్‌తో సమానంగా చూస్తుంది. కిలోకు మించి దొరికితే శిక్ష పదేండ్ల నుండి ఇరవై ఏండ్లు. కాలేజీకి పోయే పిల్లలున్న తల్లిదండ్రులు ఈ మూడింటి తేడా తెలుసుకొని ఉండాలి. ఎందుకంటే మూడింటినీ "గంజాయి నూనె" అనే పిలుస్తున్నారు.

విశ్వాసులు ఇటువంటి మందు వాడవచ్చునా అన్న ప్రశ్నకు మా మనస్సులో ఉన్నది చెప్పుతాము. నల్లమందు నుండి తీసిన మార్ఫిన్‌ను హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పితో అల్లాడే వారికి ఇస్తారు. ఆ మందు తీసుకొనే తండ్రిని ఏ కుమారుడూ తప్పు పట్టడు. మొక్క పేరును బట్టి ఏ మందునూ త్రోసివేయనక్కర లేదు, ఏ మందునూ నమ్మనక్కర కూడా లేదు.

మన దగ్గరే ఒక నూనె కథ ఉన్నది. కామారెడ్డిలో రైలెక్కి నిజామాబాదు పోయే వారు దారిలో డిచ్‌పల్లి చూస్తారు. అక్కడ డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు 1915లో కుష్ఠురోగుల కొరకు ఆసుపత్రి నెలకొల్పారు. ఆనాడు ఆ జబ్బుకు చాల్‌మోగ్రా అనే గింజల నూనే దిక్కు. తాగితే వాంతి, సూదితో ఎక్కిస్తే ఒకటే నొప్పి. అయినా మోతాదు కొలిచి, రోగిని కనిపెట్టి చూస్తూ వాడారు. 1940ల తరువాత డాప్సోన్ మాత్రలు వచ్చి, అవి మెరుగని తేలగానే ఆ నూనెను విడిచిపెట్టారు. నూనె అయినా మాత్ర అయినా మందును చూడవలసిన తీరు అదే అనుకుంటాము.

పల్లెలలో ఇంకా ఒక పొరపాటు చూస్తున్నాము. ఫిట్ రాగానే చేతిలో తాళంచెవులు పెడతారు, ఉల్లిగడ్డ వాసన చూపిస్తారు, పళ్ళ నడుమ చెంచా దూరుస్తారు. ఇవేవీ వద్దు. పిల్లవానిని పక్కకు ఒరిగించి, తల కింద మెత్తనిది పెట్టి, బట్టలు వదులు చేసి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండవది వచ్చినా 108కు ఫోన్ చేయండి. నోట్లో నీళ్ళు గాని నూనె గాని పోయకూడదు.

మాత్రలతో పూర్తిగా తగ్గని ఫిట్స్‌కు దారి లేదని కాదు. మోతాదు సరిచేయవచ్చు, మాత్ర మార్చవచ్చు. నరాల డాక్టరుకు చూపించితే ఏ రకపు ఫిట్స్ అన్నది తేలుతుంది. సరైన మందు క్రమంగా వాడితే పది మందిలో ఏడుగురికి ఫిట్స్ ఆగగలవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుతున్నది. మిగిలిన ముగ్గురిలో మన బాబు ఉంటే, అప్పుడు సీబీడీ సంగతి ఆ డాక్టరునే అడగవచ్చు.

మొన్న ఆ సహోదరి మళ్ళీ ఫోన్ చేశారు. హైదరాబాదు నిమ్స్‌కు చీటీ వ్రాయించుకున్నారట. మాత్రలు రెండు పూటలా పడుతున్నాయి. గోడ మీది క్యాలెండరులో ఫిట్ వచ్చిన రోజున ఎర్ర గీత పెట్టడం పెద్దమ్మాయి పని. మిగిలిన సీసాను పారవేయవచ్చునా అని అడిగారు. పారవేయవద్దు, పాత చీటీలతో పాటు ఆ సంచిలోనే పెట్టుకొని పొండి, పిల్లవాని కడుపులోకి ఏమి పోయిందో డాక్టరు కూడా చూడాలి అని చెప్పాము.