గొడ్ల డాక్టరుకు కుక్క వైద్యం నేర్పేదెవరు?

పల్లెల్లో పశువుల ఆసుపత్రిని ఇప్పటికీ గొడ్ల ఆసుపత్రి అనే పిలుస్తారు. చిక్కంతా ఆ పేరులోనే వున్నది. గేదె ఎదకు రాకపోయినా, ఎద్దుకు కాలు బెణికినా, దూడకు పారుడు పట్టినా రైతు తిన్నగా అక్కడికే తోలుకువెళతాడు. ఇంటి కుక్కకు జబ్బు చేస్తే మాత్రం తీసుకువెళ్లాలా, మానాలా అని వెనకాడతాడు. తీసుకువెళ్లినా డాక్టరు గారు ఒక ఇంజక్షను చేసి, బెజవాడలో చూపించుకోమని చెప్పి పంపడం చాలాచోట్ల మామూలు.

ఇందులో డాక్టరును తప్పు పట్టవలసింది కొంచెమే. ఐదున్నరేళ్ల చదువులో ఆయన కుక్క వైద్యమూ చదివాడు, పిల్లి వైద్యమూ చదివాడు. కాని ఉద్యోగంలో చేరిన నాటి నుంచి గేదెలకు సూదులు, గొర్రెలకు నట్టల మందులు, గాలికుంటు టీకాలు, నెల తిరిగేసరికి పైకి పంపవలసిన లెక్కలు, వీటితోనే పొద్దు గడిచిపోతుంది. పదిహేనేళ్లు వాడని కొడవలి తుప్పు పట్టక ఏమవుతుంది? ఆ కొడవలికి మళ్లీ సాన పట్టించే బాధ్యత ఎవరిదనేదే ఇక్కడి ప్రశ్న.

పదేళ్ల క్రితం చదివిన వైద్యం ఈనాటికి చాలదు. దీనికి కుక్కపిల్లల పార్వో జబ్బే సాక్ష్యం. ఈ జబ్బు బయటపడింది 1978లో. రెండేళ్లు తిరిగేలోగా ప్రపంచమంతా చుట్టివచ్చింది. అంతకు ముందు కాలేజీ విడిచిన ఏ పశువైద్యుడూ ఈ పేరు పాఠంలో విని వుండడు. చచ్చిన కుక్కపిల్లలను చూసే నేర్చుకోవలసి వచ్చింది. నెత్తురు విరేచనాలు, వాంతులతో బంగారం లాంటి పిల్ల రెండు మూడు రోజుల్లో నేల కరుస్తుంటే దిష్టి తగిలిందనే ఇళ్లు నేటికీ వున్నాయి. సకాలంలో సెలైను ఎక్కిస్తే చాలా పిల్లలు బతుకుతాయి. ఆరు, ఎనిమిది వారాల వయసు నుంచి టీకా మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండేవరకు వరుసగా వేయిస్తే అసలు రాకుండానే ఆపవచ్చు.

మందుల సంగతి మరీ దారుణం. కుక్కకు గోమార్లు పట్టాయంటే పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ ఇంజక్షను కొలత లేకుండా పొడిచేవారు వున్నారు. కోలీ వంటి కొన్ని జాతుల కుక్కలకు ఆ మందు మెదడుకు ఎక్కి ప్రాణం తీస్తుంది. అందుకు కారణమైన పుట్టుక లోపాన్ని శాస్త్రజ్ఞులు 2001లో గాని కనిపెట్టలేదు. పిల్లికి జ్వరం వస్తే పారాసిటమాల్ బిళ్ల సగం విరిచి పోసేవారూ వున్నారు. మనిషికి మేలు చేసే ఆ బిళ్ల పిల్లికి విషం. పశువులకు డైక్లోఫినాక్ వాడకాన్ని రాబందుల చావుకు కారణమవుతున్నదని 2006లో నిషేధించారు. ఎసిక్లోఫినాక్, కీటోప్రొఫెన్ మందులు కూడా 2023లో ఆ జాబితాకు ఎక్కాయి. ఇవన్నీ పట్నంలో సభలకు వెళ్లే డాక్టరుకు వెంటనే తెలుస్తాయి. నాగాయలంక అవతల దీవుల్లో తిరిగే డాక్టరుకు ఎప్పుడు, ఎవరు చెబుతారు?

అన్నిటికంటె ముఖ్యం పిచ్చికుక్క సంగతి. రేబిస్ అంటే పల్లెవాసి మనసులో ఒకే బొమ్మ వున్నది. నోట చొంగ కారుస్తూ, అడ్డం వచ్చిన వాళ్లనల్లా కరుస్తూ పరుగెత్తే కుక్క. కాని ఈ జబ్బుకు ఇంకొక రూపం వున్నది, మూగ వెర్రి. ఆ కుక్క ఎవరి మీదకూ రాదు. చీకటి మూల చేరి కూర్చుంటుంది. దవడ వేలాడుతుంది, మింగలేదు, గొంతు మారుతుంది. గొంతులో ఎముక ఇరుక్కుందనుకొని యజమాని నోట్లో చెయ్యి పెడతాడు. జబ్బు పడ్డ కుక్కలను చూసే అలవాటు తప్పిన డాక్టరూ ఒక్కొక్కసారి అదే పని చేయవచ్చు. గేదెల విషయంలోనూ ఇంతే. వెర్రికుక్క కరిచిన గేదె కొన్ని వారాల తరువాత చొంగ కారుస్తుంటే గొంతుకు ఏదో అడ్డం పడిందని మోచేతి దాకా చెయ్యి దూర్చి వెదుకుతారు. ఆ చేతి మీద గీరుకుపోయిన గాయం ఒక్కటి వుంటే చాలు.

ఆ తరువాత ఊళ్లో జరిగే తతంగం రైతు సోదరులకు కొత్త కాదు. గేదెకు వెర్రి అని తేలగానే దాని పాలు పోయించుకున్న ఇళ్లన్నీ గగ్గోలు పెడతాయి. ఆ పాలతో కాచిన టీ చుక్క తాగినవాడు కూడా ప్రభుత్వాసుపత్రి ముందు వరుసలో నిలబడతాడు. గేదె నోట్లో చెయ్యి పెట్టిన పాలేరు మాత్రం తనకేమవుతుందిలే అని ఇంట్లో కూర్చుంటాడు. జరగవలసింది దీనికి సరిగ్గా తలకిందులు. పాలు తాగడం వల్ల మనిషికి రేబిస్ సోకినట్టు రుజువు లేదు. కాచిన పాలలో ఆ క్రిమి బతకదు. ముప్పంతా చొంగ పుండుకు గాని, కంటికి గాని, నోటికి గాని తగిలినవాడికే. రచ్చబండ దగ్గర నిలబడి ఈ ముక్క ధైర్యంగా చెప్పగలిగినవాడు పశువైద్యుడు ఒక్కడే. అయితే ముందు ఆయనకు ఆ ధైర్యం రావాలి. కొత్తగా తెలుసుకుంటూ వుంటేనే ఆ ధైర్యం వస్తుంది.

కరిచిన కుక్కను వెంటనే కర్రలతో కొట్టి చంపడం మన ఊళ్ల ఆనవాయితీ. దానివల్ల పోయేది సాక్ష్యం. కరిచిన కుక్క పది రోజులు బతికి, ఆరోగ్యంగా తిరుగుతూ వుంటే, కరిచిన నాడు దాని చొంగలో రేబిస్ లేదనే అర్థం. అందుకే దానిని కట్టేసి డాక్టరు చేత చూపిస్తూ వుండాలి. ఈలోగా కాటు పడిన మనిషి టీకాకు ఆగకూడదు. పుండును పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు అనే భయంతో ఇప్పటికీ పసరు వైద్యానికి పోయేవాళ్లు వున్నారు. ఆ పాత మందు తయారీ దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటివి చేతికి వేసే నాలుగైదు విడతల టీకాలు. కుక్క చచ్చిపోతే తలను మంచులో పెట్టి పరీక్షకు పంపే పద్ధతి వున్నది. దానిని ఎలా తీయాలో, తీసేవాడు ఏ తొడుగులు వేసుకోవాలో డాక్టరుకు, ఆయన కింది సిబ్బందికి చేతిలో పెట్టి నేర్పాలి. కాగితం మీద పంపే ఉత్తర్వుతో ఇది వచ్చే విద్య కాదు.

మండలానికి ఒక్కడుగా వుండే డాక్టరును చదువుకు పంపితే ఆసుపత్రి ఎవరు చూస్తారని అడిగేవారు వున్నారు. కుక్క పాలివ్వదు, దున్నదు, దానికోసం ఇంత హంగామా ఎందుకనేవారూ వున్నారు. మొదటి మాటలో న్యాయం వున్నది. ఖాళీ పోస్టుల వల్ల ఒక్కరే రెండు మూడు ఆసుపత్రులు చూసే చోట ఆయనను వారం రోజులు తిరుపతికి పంపడం రైతుకే నష్టం. రెండవ మాటకు మాత్రం జవాబు పైన చెప్పిన గేదె కథలోనే వున్నది. మనుషులకు వచ్చే రేబిస్‌లో నూటికి తొంభైతొమ్మిది కుక్క ద్వారానే వస్తున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కుక్కల్లో నూటికి 70కి టీకా పడితే జబ్బు గొలుసు తెగుతుందని కూడా అదే సంస్థ లెక్క. 2030 నాటికి కుక్క కాటు రేబిస్ చావులు లేకుండా చేస్తామని కేంద్రం 2021లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. వీధికుక్కలకు సంతాన నిరోధక ఆపరేషను, టీకా చేయించే బాధ్యతను 2023 నిబంధనలు స్థానిక సంస్థల మీద పెట్టాయి. ఆడకుక్కకు గర్భసంచి తీసే ఆపరేషను కోడెకు విత్తులు కొట్టినంత సులువు కాదు. మత్తు ఎంత ఇవ్వాలి, నెత్తురు ఎలా ఆపాలి, మూడు రోజులు ఎలా చూడాలి అనేవి చేయి తిరిగినవాడి పక్కన నిలబడి నేర్చుకోవలసినవి. ఆ చేయి తిరిగినవాళ్లను తయారు చేయకుండా నిబంధనలు ఎన్ని రాసినా కుక్కల సంఖ్య తగ్గదు.

చట్టం లేకపోలేదు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం కింద పేరు నమోదు లేనిదే పశువైద్యం చేయరాదు. ఆ నమోదును ఐదేళ్లకొకసారి కొత్త చేయించుకోవాలి. మనుషుల డాక్టర్లకయితే ఐదేళ్లలో కనీసం 30 గంటలు కొత్త విషయాలు చదువుకోవాలని 2002లోనే నియమం పెట్టారు. గొడ్ల డాక్టరు నమోదుకు కూడా ఇలాంటి గట్టి షరతు పెట్టి, ఆ గంటలు ఆయన ఉద్యోగం కిందే లెక్క కట్టి, ప్రయాణ ఖర్చులు ఇవ్వడం న్యాయం. సొంత ఖర్చుతో, సెలవు పెట్టి చదువుకో అంటే ఎందరు పోతారు?

వారం రోజులు పంపలేకపోతే నెలకొక రోజు చాలు. గన్నవరంలో పశువైద్య కళాశాల వున్నది. అక్కడ కుక్కలను చూసి, కోసి, కుట్టే అధ్యాపకులు వున్నారు. నెలలో ఒక రోజు వాళ్లు మచిలీపట్నానికో, గుడివాడకో వచ్చి, చుట్టుపట్ల డాక్టర్లు తెచ్చిన జబ్బు కుక్కలనే ముందు పెట్టుకొని పాఠం చెబితే, సగం మంది ఆ నెల, మిగతా సగం మరుసటి నెల హాజరయితే, ఏ ఆసుపత్రీ మూతపడదు. నెత్తురు చుక్క గాజు పలక మీద పూసి సూక్ష్మదర్శినిలో గోమారు జ్వరం పురుగును గుర్తించడం ఒక రోజు పాఠం. మూగ వెర్రిని గుర్తించడం ఒక రోజు పాఠం. రైతు సేవా కేంద్రాల్లోని పశుసంవర్ధక సహాయకులను కూడా కూర్చోబెట్టాలి. జబ్బు కుక్కను చాలాసార్లు ముందు పట్టుకునేది వాళ్లే. వాళ్లందరికీ రేబిస్ టీకా ముందుగానే వేయించి వుంచడం పాఠం కంటె ముందు జరగవలసిన పని.

పుస్తకాల కొరత అంత పెద్దది కాదు. కుక్కలకు, పిల్లులకు ఏ టీకా ఎప్పుడు అనే విషయమై ప్రపంచ చిన్న జంతువుల వైద్య సంఘం 2024లో సవరించిన సూచనలు సెల్‌ఫోనులో ఉచితంగానే దొరుకుతాయి. వాటి ప్రకారం పార్వో, డిస్టెంపరు టీకాలు పెద్ద కుక్కకు ఏటా అవసరం లేదు, మూడేళ్లకొకసారి చాలు. రేబిస్ టీకా మాత్రం ఇక్కడి పద్ధతి ప్రకారం ఏటా తప్పదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే రైతుకు డబ్బు మిగులుతుంది. కొరత వున్నదల్లా అలాంటివి తెలుగులోకి సంగ్రహంగా తెచ్చి, సహాయకులకు సైతం అందేలా చేయడంలోనే. పశువైద్య విశ్వవిద్యాలయం పూనుకుంటే అది ఏడాది పని కూడా కాదు.

ఏటా జూలై 6న, 1885లో పాశ్చర్ తొలిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేసిన రోజున, పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. మొదటి శిక్షణ రోజును జూన్ నెలలోనే పెడితే, డాక్టరూ సహాయకుడూ ఆ శిబిరానికి సిద్ధంగా వుంటారు. ఆ మేరకు గ్రామసభల్లో తీర్మానాలు చేసి జిల్లా పశుసంవర్ధక అధికారికి పంపడానికి పంచాయతీలకు ఖర్చేమీ లేదు. వేసవిలో, కోతలయి ఊరు తీరికగా వున్నప్పుడే ఆ పని కానిచ్చుకోవచ్చు.