రాళ్ళు అడుగుతున్నాం సరే, కాగితాలు చదివామా?

అమరావతి శిల్పాల ప్రస్తావన వస్తే చాలు, మన సభల్లో ఒకటే పల్లవి: తెల్లదొరలు ఎత్తుకుపోయారు, లండన్ నుంచి తిరిగి తెప్పించాలి! 2015లో కొత్త రాజధానికి అమరావతి పేరుతో శంకుస్థాపన జరిగాక విజయవాడ వేదికల మీద ఈ పల్లవి మరింత పైస్థాయికి చేరింది. కోరిక న్యాయమైనదే, దానికి నేను అడ్డు చెప్పను. నా తగవు ఆ కోరిక వెనక నక్కిన బద్ధకంతో. ఏ రాయి ఎక్కడ ఉండేదో, ఎవరి చేతుల మీదుగా కదిలిందో చెప్పే కాగితాలను తిరగెయ్యకుండా రాళ్ళు మాత్రం కావాలనడం, దస్తావేజు చూడకుండా పొలానికి దావా వెయ్యడం లాంటిది.

ఆ కాగితాలు చెప్పే మొదటి సంగతే మన సభలకు రుచించదు. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి విడిచి అమరావతికి మకాం మార్చినప్పుడు, కొత్త ఊరి కట్టడాల కోసం దీపాలదిన్నెను తవ్వారు. చెక్కిన పలకలు మెట్లలోకీ గోడలలోకీ వెళ్ళాయి. పాలనాటి సున్నపురాయి గనుక కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి. ఆ తవ్వకం సంగతి విని కాలిన్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు; ఆయన రాసిన వివరం 1807లో అచ్చయింది. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడిమధ్యన చెరువు తవ్వి ఉంది. నాయుడిని నిందించడం నా ఉద్దేశం కాదు. అది బౌద్ధస్తూపమన్న ఎరుక ఆ రోజుల్లో ఎవరికుంది? కానీ తొలిదెబ్బ మనవాళ్ళదేనన్న నిజాన్ని దాచిపెట్టడం మాత్రం దేశభక్తి కాదు.

తరువాతి దెబ్బలు దొరలవి, వాటికీ లెక్కలున్నాయి. 1830 ప్రాంతంలో రాబర్ట్‌సన్ అనే అధికారి కొన్ని పలకలను బందరు తరలించి, తాను కట్టించిన పేట నడుమ అలంకారంగా నిలిపాడు. నేటి రాబర్ట్‌సన్‌పేట పేరు ఆయనదే. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన పలకలు మద్రాసులో ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ పడివుండి, 1859లో ఓడెక్కాయి. 1877లో రాబర్ట్ స్యూయల్ తవ్వాడు. 1880లో గవర్నరు ఆజ్ఞతో దిబ్బనంతా గుల్ల చేశారు. ఆ తరువాత వచ్చిన జేమ్స్ బర్జెస్‌కు మిగిలింది పెద్ద గొయ్యి. లండన్‌లో ఉన్నవి నూట ఇరవై పైచిలుకు. అంతకంటె ఎక్కువ పలకలు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. లండన్ వైపు చెయ్యి చూపే వక్తలు ఎగ్మూరు ఊసెత్తగా నేను వినలేదు.

గొయ్యి మిగిలిన చోట స్తూపం ఎలా నిలిచేదో ఎలా తెలుస్తుంది? మెకంజీ బృందం గీసిన పటాల వల్ల. అవి నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అందులో గీసిన పలకలు కొన్ని ఇప్పుడెక్కడా లేవు. రాయి పోయింది, గీత మిగిలింది. స్తూపం మీది పలకకు దాని చోటే సగం అర్థం. చోటు చెప్పే కాగితం లేని పలక, పుటసంఖ్య లేకుండా చిరిగిపోయిన కాగితం వంటిది.

ఆ కాగితాల వెనక మనవాళ్ళున్నారు. మెకంజీకి కుడిభుజమై నిలిచినవాడు ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య. అతడు 1803లో చిన్నవయసులోనే పోతే తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. 1821లో మెకంజీ పోయాక ఆ పరిశోధన తాను కొనసాగిస్తానని అడిగితే కలకత్తా ఏషియాటిక్ సొసైటీ కాదు పొమ్మంది. ఊరూరా వీరు సేకరించిన కైఫీయతులు మన కరణాల తెలుగులో ఉన్నాయి. కావలి సోదరుల పేర్లు మన సభల్లో ఎన్నిసార్లు విన్నారు? ఎలియట్‌ను తిట్టినన్నిసార్లు లక్ష్మయ్యను తలుచుకున్నామా?

కైఫీయతులు కొన్ని అచ్చయ్యాయి, సంతోషం. కానీ స్యూయల్ 1880 నివేదిక, బర్జెస్ 1887 గ్రంథం, శివరామమూర్తి గారు 1942లో కూర్చిన మద్రాసు మ్యూజియం పట్టిక – అన్నీ ఇంగ్లీషులో వెలువడినవే. "ఇంగ్లీషు రాని పరిశోధకుడెవడండీ?" అని మీలో కొందరు అడగవచ్చు. పరిశోధకుడి సంగతి కాదు నేను చెప్పేది. ధరణికోటలోనో అమరావతిలోనో ఒక పెద్దాయన ఉంటాడు. ఫలానా పాతగోడలో ఫలానా చెక్కడపు రాయి ఉందని ఆయనకు తెలిసి ఉండవచ్చు. పోయిన పలకల బొమ్మలూ వర్ణనలూ తెలుగులో ఆయన కంటబడితే కదా పోల్చి చెప్పేది!

కాగితం రాయిని రప్పిస్తుందా అంటారా? ప్రకాశం జిల్లా చందవరం నుంచి దొంగతనంగా తరలిపోయిన ఒక బౌద్ధశిల్పాన్ని ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల 2005లో కొన్నది. అది చందవరానిదేనన్న ఆధారాలు బయటపడ్డాక 2016లో తిరిగి ఇచ్చివేసింది. అక్కడ పనిచేసింది ఆధారం, ఆవేశం కాదు. ఎప్పుడో ఓడెక్కిన రాళ్ళ తగవు ఇంతకంటె చిక్కైనది. దానికి ఇంకెంత ఆధారం కావాలి!

కనుక మిత్రులారా, నా ప్రతిపాదన ఇది. స్యూయల్, బర్జెస్ పుస్తకాలకు కాపీహక్కుల గొడవ లేదు. స్కాన్ చేసిన ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. మనలో కొందరు తలా పది పుటలు తెలుగు చేస్తే ఒక వేసవిలో స్యూయల్ నివేదికలో చాలా భాగం తెలుగవుతుంది. మొదటి పది పుటలు నావి. తప్పులుంటే వ్యాఖ్యల్లో దిద్దండి. పని చెయ్యకుండా "రాళ్ళు తెప్పించాలి" అని మాత్రం ఇక్కడ రాయకండి. ఆ మాట చెప్పడానికి వేదికలు చాలినన్ని ఉన్నాయి.