సరిహద్దు దాటిన సొమ్ము

ఇంట గూర్చుండియే పరదేశపు అంగడిలో వస్తువును కొనుట నేడు అల్పకార్యమైనది. కాని ఆ కొనుగోలు రద్దయినపుడు, చెల్లించిన ధనము సాకల్యముగా చేతికి మరలుట మాత్రము నేటికిని దుర్లభముగనే యున్నది. విక్రేత డాలర్లలో పూర్తి మూల్యమునే తిరిగి పంపినను, కొన్ననాటి మారకపు విలువ సొమ్ము మరలిన నాటికి మారిపోవుటచేతను, విదేశ చెల్లింపునకై బ్యాంకు గైకొనిన రుసుము తరచుగా తిరిగి రాకపోవుటచేతను, కొనుగోలుదారుని ఖాతాకు రూపాయలు తరిగి చేరుటయు కలదు.

ఈ విషయమున ఐరోపా సమాఖ్య త్రోవ చూపినది. 2011 నాటి దాని వినియోగదారుల హక్కుల ఆదేశము ననుసరించి, ఆన్‌లైన్‌లో కొన్నవాడు సరకు చేతికందిన 14 దినములలోపల, కొన్ని మినహాయింపులకు లోబడి, కారణము చెప్పకయే ఒప్పందమును విడనాడవచ్చును. విక్రేత మూల్యమునే గాక, తొలుత వసూలు చేసిన సామాన్య రవాణా వ్యయమును సైతము మరల నీయవలెను.

మన దేశమున 2020 నాటి ఈ-కామర్స్ నియమములు, ఇచ్చట స్థాపితములు కాకున్నను భారతీయులకు క్రమబద్ధముగ సరకు నమ్మజూపు విదేశ సంస్థలకును వర్తించును. తానే రద్దు చేసినపుడు తత్సమానమైన రుసుమును భరింపని సంస్థ కొనుగోలుదారునిపై రద్దు రుసుము మోపరాదనియు అవి శాసించుచున్నవి. అయినను సముద్రముల కావలనున్న విక్రేతచే శాసనమును పాటింపజేయుట సులభము కాదు. కావున పూర్తి సొమ్మనగా ఏ నాణెమున, ఏ రుసుములతో గూడిన సొమ్మో కొనుగోలునకు ముందే తెలుపవలెనని ప్రభుత్వము స్పష్టముగ నిర్దేశింపవలెను. పాఠకులును రసీదులను, రద్దు వర్తమానమును భద్రపరచుకొని, అన్యాయము జరిగినచో కార్డు నిచ్చిన బ్యాంకును, జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915ను ఆశ్రయింప మరువరాదు.