మనిషి దుబాయిల, మిత్తి ఇంటికాడ

మనిషి విమానమెక్కి పోతాడు. బాకీ మాత్రం ఇంటికాడనే ఉంటుంది. సిరిసిల్ల నుంచి ఆర్మూరు దాకా, జగిత్యాల నుంచి కామారెడ్డి దాకా ఈ ముచ్చట తెలియని ఊరు లేదు. దుబాయి, మస్కట్, సౌదీ, కువైట్, ఖతర్, బహ్రెయిన్ పోయిన మన అన్నదమ్ములు పంపే పైసల గురించి అందరం మాట్లాడుతాం. వాళ్లు పోవడానికి చేసిన బాకీ గురించి మాత్రం మాట్లాడం. పరువు పోతదని ఇంటోళ్లు దాస్తారు. అది వాళ్ల సొంత విషయమని మనం ఊరుకుంటాం. ఈ మౌనమే మిత్తి వ్యాపారికి అసలైన పెట్టుబడి.

దుబాయి బాకీ సొంత విషయం కాదని మేము అంటున్నాం. అది ఎక్కడ పుట్టిందో, ఎట్లా పెరుగుతున్నదో, ఎవరి మీద పడుతున్నదో లెక్క తీస్తే ఆ సంగతి అర్థమైతది.

ముందు పుట్టుక చూద్దాం. 1983 వలస చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు కార్మికుని దగ్గర తీసుకునే సర్వీసు చార్జీకి నిబంధనలు హద్దు పెట్టాయి. ఎక్కువలో ఎక్కువ 30 వేల రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. అంతకు మించి ఒక్క రూపాయి తీసుకున్నా తప్పే. మరి లక్షన్నర, రెండు లక్షలు ఎందుకైతున్నాయి? వీసాను సరుకు లెక్క అమ్ముతున్నారు కాబట్టి. పట్నంలో ఏజెంటు, అతని కింద సబ్ ఏజెంటు, అతని కింద ఊరి దళారి. అందరికీ వాటా కావాలి. ఎవరూ రసీదు ఇవ్వరు. విజిట్ వీసా మీద పంపితే ఇంకా ఘోరం. పనికి పోతున్నట్టు సర్కారు లెక్కలోకే రాడు, బీమా కూడా ఉండదు. అంటే ఈ బాకీలో పెద్ద భాగం చట్టం ఒప్పుకోని వసూలు. దానికే మన అవ్వల పుస్తెలు కుదువ పడుతున్నాయి.

ఇప్పుడు పెరుగుడు చూద్దాం. రెండు లక్షలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిండనుకోండి. నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. అక్కడ జీతం 900 దిర్హాములు, తిండికి, ఫోనుకు 300 పోతే మిగిలేది 600. దిర్హాముకు 23 రూపాయలు లెక్క కట్టినా 13,800. అందులో మిత్తికే 6 వేలు పోతే ఇంటికి దక్కేది 7,800. పిల్లల ఫీజు, ముసలోళ్ల మందులు, ఇంటి ఖర్చు అన్నీ అందులోనే. రెండేండ్ల కాంట్రాక్టు అయిపోయేసరికి మిత్తి కిందనే 1,44,000 కట్టి ఉంటడు. అసలు మాత్రం పైస తగ్గదు. అదే మనిషి చట్టం చెప్పిన 35,400 మాత్రమే తెచ్చి ఉంటే, అదే మూడు రూపాయల లెక్కన నెల మిత్తి 1,062 రూపాయలు. ఈ రెండు లెక్కల నడుమ ఉన్న తేడానే మన పల్లెల గోస.

జీతం ఆగిందా, మూడేండ్లు మిత్తి కట్టలేకపోయిండా, అప్పుడు ఇంకో మాయ మొదలైతది. నోటు తిరగరాయడం. 2,16,000 మిత్తిని అసలులో కలిపి 4,16,000కు కొత్త నోటు రాయించుకుంటారు. నెల మిత్తి 12,480కి ఎక్కుతుంది. చేతికి కొత్తగా ఒక్క రూపాయి రాలేదు, బాకీ మాత్రం రెండింతలు దాటింది. ఆ కొత్త నోటు మీద సంతకం ఎవరిది? మనిషి దుబాయిల ఉంటడు. సంతకం ఇంటికాడున్న భార్యది, లేకపోతే ముసలి నాయినది.

అసలు కథ ఇక్కడుంది. అంతదాకా ఆమెకు ఆ బాకీతో చట్టపరమైన సంబంధం లేదు. భర్త ఒక్కడే రాసిచ్చిన నోటుకు భార్య సొంతంగా బాధ్యురాలు కాదు. మనిషి చచ్చిపోతే వారసుల బాధ్యత అతని నుంచి వచ్చిన ఆస్తి మేరకే. ఆమె సంతకం పెట్టిన నాడు మాత్రం బాకీ ఆమె మెడకు పడుతుంది. జామీను సంతకమైనా అంతే. జామీనుదారు బాధ్యత బాకీదారుతో సమానమని కాంట్రాక్టు చట్టమే చెప్పింది. అందుకే మా మొదటి మాట: ఎంత ఒత్తిడి చేసినా ఇంటికాడి ఆడబిడ్డలు కొత్త కాగితం మీద సంతకం పెట్టవద్దు. ఖాళీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద అసలే వద్దు. చెక్కు బౌన్సయితే అది క్రిమినల్ కేసు. సమన్లకు పోకుంటే వారంటు వస్తుంది.

"పైసలు కట్టకుంటే జైలుకు పంపిస్త" అని వాకిట్లో నిలబడి బెదిరించేటోళ్లకు కూడా జవాబుంది. పైసల డిక్రీ కింద ఆడమనిషిని అరెస్టు చేయరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ చెప్తుంది. తాహతు ఉండి ఎగ్గొట్టేవాడు వేరు, లేక కట్టలేనివాడు వేరు, లేనివాడిని సివిల్ జైలుకు పంపరాదని సుప్రీంకోర్టు 1980లోనే తేల్చింది. రైతు గానీ కూలీ గానీ తానుంటున్న సొంత ఇంటిని మామూలు బాకీ డిక్రీ కింద జప్తు చేయరాదని 60వ సెక్షన్ చెప్తుంది. తాకట్టు పెట్టిన ఇంటికి మాత్రం ఈ రక్షణ లేదు. తెలంగాణ ప్రాంతంలో మిత్తి వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలని 1349 ఫస్లీ నాటి చట్టమే ఉంది. నిజాం కాలంలో రాసిన ఆ చట్టం పుస్తకంలో భద్రంగా ఉంది. ఊళ్లలో లైసెన్సు అడిగే అధికారి ఏడి?

బాకీ ఎగ్గొట్టమని మేము చెప్పడం లేదు. అవసరానికి ఆదుకున్నోడి అసలు అసలే. న్యాయమైన మిత్తి కూడా ఇయ్యాలె. మేము చెప్పేది, భయానికి కట్టవద్దు, లెక్కకు కట్టాలని. "మూడేండ్లు దాటితే నోటు చెల్లదు, అప్పటిదాకా దుబాయిలనే ఉందాం" అనుకునే తమ్ముళ్లు కూడా ఒక సంగతి తెలుసుకోవాలి. బాకీదారు దేశంలో లేని కాలం ఆ మూడేండ్లలో కలవదని కాలపరిమితి చట్టం 15వ సెక్షన్ చెప్తుంది. పదేండ్లు దుబాయిల ఉండి వచ్చినా నోటు బతికే ఉంటుంది. దాక్కుంటే బాకీ చావదు. మిత్తి పెరుగుతది, ఇంటోళ్లు నలుగుతరు, అంతే.

మరి ఏం చేయాలె? పైసలు హవాలాలో కాకుండా బ్యాంకు ద్వారా పంపాలె. అప్పులోనికి కూడా ఖాతా నుంచే కట్టాలె. హవాలా పైసకు సాక్ష్యం లేదు, చేతికిచ్చిన పైసకు గుర్తు లేదు. నెల నెల మిత్తి కట్టుకుంట పోయే బదులు, అసలు ఎంత, ఇప్పటిదాకా ముట్టింది ఎంత అని కూర్చొని ఒప్పుకొని, వాయిదాలు కాగితం మీద పెట్టించుకోవాలె. మాట వినకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. ఫీజు లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. అక్కడున్న మనిషి రాలేకపోతే రాయబార కార్యాలయంలో అటెస్టు చేయించిన పవర్ ఆఫ్ అటార్నీతో ఇంటోళ్లు మాట్లాడవచ్చు. వీలైతే మూడు రూపాయల మిత్తిని రూపాయి మిత్తికి మార్చుకోవాలె. రెండు లక్షల మీద ఏడాదికి 48 వేలు మిగులుతాయి. కానీ మహిళా సంఘం లోను తెచ్చి షావుకారికి కట్టేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలె. కిస్తీ తప్పితే తోటి అక్కచెల్లెండ్ల ముందు తలవంచేది మళ్లీ ఆడబిడ్డనే.

ఈ గోస కూలికి పోయినోళ్లదే కాదు. ఎడ్యుకేషన్ లోను తీసుకొని అమెరికా పోయిన పిల్లలదీ ఇదే వరుస. సంతకం నాయినది, తాకట్టు ఇల్లు. పిల్లగానికి అక్కడ కొలువు దొరక్కపోతే నోటీసు వచ్చేది ఇక్కడికే. కిస్తీ 90 రోజులు దాటితే ఖాతా మొండి బకాయి అయితది. ఆలోపే బ్యాంకుకు రాసి గడువు అడగాలె. రికవరీ ఏజెంట్లు పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయరాదని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఈ మాట ఎంతమంది తండ్రులకు తెలుసు?

ఇగ సర్కారు సంగతి. 2013లో సౌదీ నితాఖత్ అన్నప్పుడు, 2018లో, 2024లో యూఏఈ ఆమ్నెస్టీ ఇచ్చినప్పుడు కాగితాలు లేనోళ్లు జుర్మానా లేకుండా ఇంటికి రావొచ్చన్నారు. అయినా వెనుకాడినోళ్లు ఉన్నారు. పరాయి దేశం జుర్మానా మాఫీ చేసింది, ఇంటికాడి మిత్తి మాఫీ కాలేదు. 2014లో రాష్ట్రం వచ్చింది. గల్ఫ్‌ల చనిపోయినోళ్ల కుటుంబాలకు 5 లక్షల సాయం ఉత్తర్వు రావడానికి 2024 దాకా పట్టింది. కేంద్రం ప్రవాసీ భారతీయ బీమా 10 లక్షలు ఇస్తుంది, కానీ ప్రమాదంలో పోతేనే, లేదా శాశ్వతంగా అంగవైకల్యం వస్తేనే. క్యాంపులో గుండె ఆగి పోయినోడికి అది రాదు. ఇవన్నీ చచ్చినంక ఇచ్చేవి. బతికున్నోడి బాకీకి ఏముంది? కేరళ 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా శాఖ పెట్టుకున్నది. తిరిగొచ్చినోడు బతుకుదెరువు పెట్టుకోవడానికి లోను మీద 15 శాతం పెట్టుబడి రాయితీ, మిత్తి రాయితీ ఇస్తున్నది. మనకు పోయే ముందు తక్కువ మిత్తికి బ్యాంకు లోను కావాలె. హద్దు దాటి వసూలు చేసిన ఏజెంటు నుంచి ఆ పైసలు కక్కించి బాకీలో జమ చేయించాలె. మిత్తి వ్యాపారానికి లైసెన్సు తనిఖీ కావాలె.

చివరికి మనలో మనం ఒక మాట అనుకోవాలె. 2011 సకల జనుల సమ్మెలో ఉద్యోగులు, విద్యార్థులు, పల్లె జనం ఒక్కటై నిలబడ్డం. కొడుకు దుబాయిల ఉన్న అవ్వ కూడా మన వెంట రోడ్డు మీద కూర్చున్నది. జీతం పైసలు మూడు రూపాయల మిత్తికి తిప్పేటోళ్లు మన ఉద్యోగ సోదరుల్లో కూడా ఉన్నారు. వాళ్లు ఆ అవ్వ దగ్గర తీసుకున్న మిత్తి లెక్క ఒకసారి చూసుకోవాలె. అసలుకు మించి మిత్తి ముట్టినంక నోటు తిరిగివ్వడం దానం కాదు, న్యాయం. లా చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు పండుగకు ఊరికి పోయినప్పుడు ఒక్క దుబాయి ఇంట్లోనైనా కూర్చొని నాలుగు ముక్కలు రాయండి: బాకీ ఎవరికి, ఏ మిత్తికి, ఇప్పటిదాకా ఎంత కట్టిన్రు, నోటు మీద ఎవరి సంతకం ఉన్నది. అట్ల రాస్తే ఇంటోళ్లకు సగం భయం పోతది. మిగిలిన సగం కోసం ఊరంతా కొట్లాడాలె.